తవుడు కుండ ముద్దాయి

తెత్సుజి ఇంగ్లీషు చదువంతా మరుగుదొడ్డి గోడ మీదే సాగింది. ప్రమోషన్ కావాలంటే ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కమన్నారు ఆఫీసువాళ్లు. యాభై రెండేళ్ల బుర్రలో కొత్త మాట నిలవాలంటే, అది తప్పించుకోలేని చోట కనబడాలి. అందుకని మూడు నెలలుగా వారానికో కాగితం మీద మాటలూ, పక్కన జపాను భాషలో అర్థాలూ రాసి, కూర్చుంటే కళ్లకెదురుగా ఉండేలా అంటిస్తున్నాడు.

ఈ వారం పాఠం నష్టాలూ నేరాలూ. నలభై మాటలు. ఒక్కటీ బుర్రకెక్కలేదు. పుస్తకంలో 'గుర్తు తెలియని దుండగుడు కిటికీ పగలగొట్టాడు' అని ఉంది. ముక్కూ మొహం తెలియనివాణ్ణి ఎవరు మాత్రం గుర్తుపెట్టుకుంటారు?

"మీ జీవితంలోంచి వాక్యాలు రాయండి, జన్మలో మర్చిపోరు" అంది సాయంత్రం క్లాసు టీచరు.

తెత్సుజి తన జీవితాన్ని గాలించాడు. రోడ్డు మీద ఒక్క బండీ లేకపోయినా ఎర్రదీపం ముందు నిలబడే మనిషి. దొరికింది ఒకే ఒక్క నేరం. తవుడు కుండ.

ఆ కుండ భార్య ఫుమియెకి పుట్టింటి నుంచి వచ్చింది. ఉప్పు కలిపి ఏళ్ల తరబడి పులియబెట్టిన ఆ తవుడులో దోసకాయో ముల్లంగో పాతిపెడితే మర్నాటికి ఊరుతుంది. ఒకటే షరతు. రోజూ చేత్తో అడుగుదాకా కలపాలి. ఆగస్టులో ఫుమియె ఐదు రోజులు చెల్లెలింటికి వెళ్తూ ఆ పని మొగుడికి అప్పగించింది. తెత్సుజి మొదటిరోజు కలిపాడు, చెయ్యి వాసన చూసుకున్నాడు, మళ్లీ కుండ జోలికి పోలేదు. ఐదో రోజుకి కుండలో తెల్లపిల్లి ముడుచుకు పడుకున్నట్టు బూజు.

అంతా పారేశాడు. నేరం చేసినా క్రమశిక్షణ తప్పలేదు, తగలబెట్టే రకం చెత్త తీసుకెళ్లే రోజు చూసుకుని మరీ పారేశాడు. సూపర్‌మార్కెట్లో తవుడు ప్యాకెట్లు కొని నింపి, ఫుమియె నొక్కినట్టే కనబడాలని పైన ఆమె పిడికిలంత గుంటలు కూడా పెట్టాడు.

ఇప్పుడు ఆ పాపమే అక్కరకొచ్చింది. 'అతను కుండను నిర్లక్ష్యం చేశాడు.' 'తవుడు పూర్తిగా పాడైంది.' 'సాక్ష్యాన్ని నాశనం చేశాడు.' 'నకిలీ సరుకు నింపాడు.' ఆఖరున, 'భార్య ఇంకా ఏమీ కనిపెట్టలేదు.' అన్నీ ఇంగ్లీషులోనే. ఫుమియె బళ్లో ఇంగ్లీషు గంట వస్తే కడుపునొప్పి తెచ్చుకున్న మనిషి. ధైర్యంగా అంటించేశాడు.

భోజనాల దగ్గర ఫుమియె దోసకాయ ముక్క వడ్డించింది. "ఎలా ఉందండీ?"

"అచ్చం మీ అమ్మ చేతి రుచి."

"అలాగా. గోడ మీద కొత్త పాఠం పెట్టినట్టున్నారు, దేని గురించి?"

"ఎవడో నేరస్తుడి గురించిలే."

"పెళ్లయినవాడా?"

"అలాగే ఉన్నాడు."

"పాపం, ఆవిడ" అని ఫుమియె అన్నం పెట్టుకుంది. "అన్నట్టు, అమ్మ ఆదివారం వస్తోంది. తన తవుడు పాడైందట, మనది కాస్త పట్టుకెళ్తుందట."

తెత్సుజి దోసకాయ ముక్క పళ్లెంలో పెట్టేశాడు. అత్తగారు కుండలో చెయ్యి పెడితే చాలు, వేళ్లతోనే తీర్పు చెప్పేస్తుంది.

శనివారం ఫుమియె బజారుకెళ్లగానే పాత రుచి పుట్టించే పనిలో పడ్డాడు. తవుడులో బీరు పోశాడు, రొట్టె నలిపి వేశాడు, ఎండుమిరపకాయలు గుచ్చాడు, త్వరగా పులవాలని కుండని బాల్కనీ ఎండలో పెట్టాడు. మధ్యాహ్నానికి కుండకి ఊపిరొచ్చింది. మూత లేచింది. తవుడు పొంగి, కమ్మీల సందులోంచి జారి, కింద అంతస్తు ఆవిడ ఆరేసిన పరుపు మీద పడింది.

కింద నుంచి కేకలు. తెత్సుజి గబగబా మరుగుదొడ్డిలో దూరి గడియ పెట్టుకున్నాడు. తల ఎత్తితే గోడ మీద కాగితం.

ప్రతి వాక్యం పక్కనా, పొద్దున లేని ఎర్ర పెన్సిలు సున్నా, జపాను బళ్లలో సరైన జవాబుకి పెట్టినట్టు. ఆఖరి వాక్యానికి మాత్రం పెద్ద ఇంటూ. దాని కింద ఫుమియె గుండ్రటి దస్తూరీ, ఇంగ్లీషులోనే. 'బాధితురాలికి అతని సంగతి ముందే తెలుసు. చెల్లెలింటికి వెళ్లేముందే తోడుకని గుప్పెడు తవుడు ఫ్రీజర్లో దాచింది.'

మెల్లగా గడియ తీశాడు. ఎదురుగా కూరల సంచితో ఫుమియె.

"నీకు ఇంగ్లీషు ఎప్పుడొచ్చింది?"

"మూడు నెలలుగా అర్థాలతో సహా నేర్పుతున్నారుగా. ఆ గదిలో నేనూ కూర్చుంటానండీ."

"మరి మీ అమ్మ..."

"రావట్లేదు. అది నేను సొంతంగా రాసిన వాక్యం."

ఆ సాయంత్రం కింద అంతస్తు ఆవిడకి క్షమాపణ చెప్పి వచ్చాక, తెత్సుజి కడిగిన కుండ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఫ్రీజర్లోంచి వచ్చిన గుప్పెడు పాత తవుడుని కొత్త తవుడులో వేసి, చెయ్యి మోచేతిదాకా ముంచి కలుపుతున్నాడు. నలభై మాటలూ నోటికొచ్చేశాయి.

"తర్వాతి పాఠం ఏమిటి?" అడిగింది ఫుమియె, ఎర్ర పెన్సిలు చెక్కుకుంటూ.

"శిక్షలు."

"ఆ వాక్యాలు నేను రాస్తాను. మీరు కలపండి, అడుగుదాకా."