ఫ్రిజ్ మీద స్వరాజ్యం

ఆరోజు పొద్దున ముళ్ళాయన పెట్టుకున్న పనులు మూడే. మొక్కకు ఫొటో తీయాలి, ఫొటో కింద ఒక ఆలోచన రాయాలి, పదకొండు గంటలకు ఆఫీసరు గదిలోకి సీనియర్ అసిస్టెంటుగా వెళ్ళి సూపరింటెండెంటుగా బయటికి రావాలి. పద్నాలుగేళ్ళు ఒకే స్టూలులాంటి కుర్చీలో కూర్చున్న మనిషికి అది పెద్ద ఆశేమీ కాదు. ఖాళీ అయిన సూపరింటెండెంటు కుర్చీకి చేతులున్నాయి, వెనక కిటికీ ఉంది.

టేబులు మీద ఫైళ్ళకన్నా కాక్టస్ కుండీలు ఎక్కువ కాబట్టి ఆఫీసులో ఆయన్ని ముళ్ళాయన అంటారు. వాటి గురించి ఎవరైనా ఒక్క ముక్క అడుగుతారేమోనని ఆయన ఏళ్ళ తరబడి ఎదురుచూశాడు. ఎవరూ అడగలేదు. పెద్ద కంపెనీవాళ్ళ నెట్‌వర్కులో ఫొటోలు పెట్టి చూశాడు. అక్కడా ఎవరూ చూడలేదు. ఇది కంపెనీ కుట్రేనని బావమరిది తేల్చాడు.

"అక్కడ మనం అద్దెకున్నవాళ్ళం బావగారూ. ఏది చూపించాలో ఏది దాచాలో ఓనరు ఇష్టం. వికేంద్రీకృతం అని ఒకటి వచ్చింది. ఎవరి సర్వరు వాళ్ళ ఇల్లు, ఎవరి రూల్సు వాళ్ళవి. మనింట్లో రాసింది కావాలన్నవాళ్ళింటికి కాపీ వెళ్తుంది, అంతే. మధ్యలో ఓనరనేవాడే ఉండడు."

అలా ముళ్ళాయన స్వతంత్రుడయ్యాడు. సబ్బుపెట్టె అంత కంప్యూటరును బావమరిది ఫ్రిజ్ మీద పెట్టి, అదే సర్వరని చెప్పాడు. పాత కంపెనీని వదిలి వెళ్తున్నట్టు ముళ్ళాయన నాలుగు పేరాల ప్రకటన రాశాడు. ఉండమని ఎవరూ బతిమాలలేదు. కొత్తచోట ఆయన్ని అనుసరించేవారు ముగ్గురు: బావమరిది, గంటకోసారి వాతావరణం చెప్పే ఒక యంత్రం, 'తోట' అనే సర్వరులో ఉండి ఎప్పుడూ నోరు విప్పని ఒక అజ్ఞాతవ్యక్తి. ఇక్కడ కూడా ఆయన్ని ఎవరూ చూడటం లేదు. కాకపోతే స్వేచ్ఛగా చూడటం లేదు.

ముగ్గురే కదా అన్న ధీమాతో ఆయన మనసులోది మనసులో ఉంచుకోవడం మానేశాడు. ఆరోజు కుండీ ఫొటో కింద ఇలా రాశాడు: "నిన్న మా ఆఫీసరు మీటింగులో గంటన్నర మాట్లాడింది. అదే గంటన్నరలో ఈ మొక్క ఒక ముల్లు మొలిపించింది. ఇద్దరిలో పనిచేసింది మొక్క. పైగా దీనికి నెలకోసారి నీళ్ళు పోస్తే చాలు. ఆవిడకు పూటకోసారి పొగడ్త పోయాలి."

రాసింది తానే నాలుగుసార్లు చదువుకుని, మెచ్చుకుని, బస్సెక్కాడు.

ఆఫీసులో బ్యాగు కిందపెట్టీ పెట్టకముందే టైపిస్టు పలకరించింది. "మీకు తోడు దొరికింది సార్. మేడం కూడా ఆ ఓనరు లేని దాంట్లో చేరిందట. వాళ్ళబ్బాయి నిన్న పెట్టిచ్చాడట. ఏదో మొక్కలవాళ్ళ సర్వరు... ఆఁ, తోట!"

ముళ్ళాయన నిలబడ్డచోటే ఫోను తీసి పోస్టు తొలగించబోయాడు. సర్వరు అందుబాటులో లేదని వచ్చింది. ఇంటికి ఫోను చేశాడు.

"ఏమే, ఫ్రిజ్ మీద డబ్బా ప్లగ్గు పీకావా?"

"మిక్సీ వేసుకోవద్దా మరి? ఉన్నది ఒక్కటే ప్లగ్గు," అంది భార్య.

"ముందు దాన్ని పెట్టు! నా బతుకు దానిమీద ఆధారపడి ఉంది!"

"పొద్దున అన్నం తినేటప్పుడు మీ బతుకు నామీద ఆధారపడి ఉందన్నారే," అంటూ ఆవిడ ప్లగ్గు పెట్టింది. ఈసారి తొలగిస్తే పోస్టు పోయింది. ముళ్ళాయన ఊపిరి పీల్చుకుని, ఎందుకైనా మంచిదని బావమరిదికి ఫోను చేశాడు.

"మనింట్లోది పోయింది బావగారూ," అన్నాడు బావమరిది. "తోటవాళ్ళింట్లో కాపీ అలాగే ఉంటే ఉంటుంది. తీసెయ్యమని మన సర్వరు అడుగుతుంది, వినడం వినకపోవడం వాళ్ళిష్టం. అదే దీని గొప్పతనం!"

తోటలో కాపీ నిక్షేపంగా ఉంది. తోటను నడిపేది రిటైరైన ఒక వృక్షశాస్త్రం లెక్చరరు. ముళ్ళాయన ఆయనకు చాటుగా ఉత్తరం రాశాడు: అయ్యా, మా ఆఫీసరు మీ సర్వరులోనే చేరారు, పదకొండింటికి నా ప్రమోషను తేలుతుంది, దయచేసి ఆ పోస్టు తీసెయ్యండి.

ఐదు నిమిషాల్లో జవాబు వచ్చింది. "మిత్రమా, మీ బాధ అర్థమైంది. అయితే తోటలో ఏదీ గుట్టుగా చెయ్యం. పారదర్శకత మా మొదటి నియమం. మీ పోస్టునూ మీ ఉత్తరాన్నీ సభ్యులందరి ముందూ పెట్టి ఓటింగు ప్రారంభించాం. ధైర్యంగా ఉండండి."

ఓటింగులో దారులు నాలుగు: తీసెయ్యాలి, ఉంచాలి, హెచ్చరికతో ఉంచాలి, ఇంకా చర్చించాలి. ఇంకా చర్చించాలన్నది భారీ మెజారిటీతో దూసుకుపోయింది. పనీపాటా ఉన్నవాళ్ళెవరూ ఇలాంటిచోట ఓటెయ్యరు కాబట్టి అది సహజమే. పదింటికల్లా పక్క సర్వరులకు సంగతి పాకింది. తోటవాళ్ళు రాతను అణచివేస్తున్నారని ఒక సర్వరు ప్రకటించింది. అడుగుతున్న మనిషి మొర వినకుండా బజారుకెక్కించారని ఇంకొకటి తిట్టింది. మూడోది ఆ రెండింటితోనూ మాటలు మానేసి, మానేసినందుకు కారణాలు పన్నెండు అంశాలుగా ప్రచురించింది.

ఈలోగా ఎవరో అడిగారు: "అది సరే, ఆ రకానికి నెలకోసారి నీళ్ళేమిటి?"

అంతే, అసలు యుద్ధం మొదలైంది. ఆఫీసరు, ప్రమోషను, పారదర్శకత అన్నీ వెనక్కిపోయాయి. నెలకోసారి అనేవాళ్ళు ఒకవైపు, నలభై రోజులకోసారి అనేవాళ్ళు ఇంకోవైపు, మట్టి తడిమి చూసి పోయాలనే అతివాదులు విడిగా. ముళ్ళాయన్ని అనుసరించేవారు ముగ్గురి నుంచి నాలుగొందల మంది అయ్యారు. ఉద్యోగం ఊగిసలాడుతున్న మనిషి చెయ్యాల్సిన పని ఫోను మూసెయ్యడం. ఆయన మాత్రం, "కుండీ మట్టిదా ప్లాస్టిక్‌దా అన్నది తేలకుండా నీళ్ళ గురించి మాట్లాడటం అజ్ఞానం," అని రాసి, ఎంతమంది మెచ్చుకుంటారా అని చూస్తూ కూర్చున్నాడు.

పదిన్నరకు బావమరిది ఫోను. "బావగారూ, మన ఫ్రిజ్‌కి ఇంత డిమాండు ఎప్పుడూ లేదు! ప్రపంచమంతా మనింటికే వస్తోంది!"

ఆ వెంటనే భార్య ఫోను. "ఏమండీ, మీ డబ్బా గుయ్యిమంటోంది. పట్టుకుంటే కాలుతోంది."

"ముట్టుకోకు! ఏమీ చెయ్యకు!"

"చేసేశాను. తడిగుడ్డ కప్పాను."

స్వరాజ్యం అక్కడితో ఆరిపోయింది. మరో పావుగంటకు తోట పెద్దాయన కూడా విసిగిపోయి, ఈ గొడవకు మూలమైన సర్వరుతో తోటకు ఇకపై ఏ సంబంధమూ ఉండదని ప్రకటించి, అక్కడినుంచి వచ్చిన రాతలన్నీ ఒక్క నొక్కుతో తుడిచేశాడు. దానికి ఓటింగు పెట్టలేదు. పొద్దున బతిమాలితే కాని పని, కోపమొస్తే అరక్షణంలో అయింది. ముళ్ళాయన ఆ సమయానికి సర్వరు లేని ఫోను చేత పట్టుకుని ఉన్నాడు కాబట్టి ఆయనకు ఈ సంగతి తెలియలేదు.

పదకొండింటికి పిలుపు వచ్చింది. ఆఫీసరు ముందు ఒక కాగితం, చేతిలో మూత తీసిన పెన్ను ఉన్నాయి. ముళ్ళాయన కాగితం వైపు చూడలేదు.

"మేడం, నన్ను క్షమించండి! అది పొరపాటున రాశాను. మిమ్మల్ని అని కాదు. అంటే, మిమ్మల్నే, కానీ మీరు చదువుతారని కాదు..."

ఆఫీసరు కళ్ళజోడు పైకి తోసుకుంది. "ఏం రాశారు? ఎక్కడ?"

"తోటలో మేడం. మీరు చూసే ఉంటారు..."

"ఓ, అదా! మా అబ్బాయి పెట్టిచ్చాడుగానీ పాస్‌వర్డు మర్చిపోయానండీ. ఇంకా లోపలికే వెళ్ళలేదు. ఏదీ, మీరు రాసింది చూపించండి."

ముళ్ళాయన ఫోనులో తన సర్వరు వెతికాడు, లేదు. తోటలో వెతికాడు, లేదు. ఆయనకు తెలిసినంతలో ఎక్కడా ఆ పోస్టు ఆనవాలు లేదు. అప్పుడైనా, "ఏమీ లేదు మేడం, మొక్కల సంగతి," అని ఉండవచ్చు. ఆ మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"గుర్తున్నంతవరకు చెప్పండి, ఫరవాలేదు," అంది ఆఫీసరు. గొంతులో నిజమైన ఆసక్తి ఉంది.

పద్నాలుగేళ్ళలో ఆయన్ని అలా అడిగినవాళ్ళు లేరు. ముళ్ళాయన గొంతు సవరించుకున్నాడు. మీటింగు నుంచి మొదలుపెట్టి, ముల్లు దగ్గర కాస్త ఆగి, పొగడ్త దగ్గర గొంతు తగ్గించి, పొల్లుపోకుండా అప్పజెప్పాడు. పొద్దున తట్టని ఒక వాక్యం కూడా చివర కలిపాడు. అది మిగతావాటికన్నా బాగా వచ్చింది.

ఆఫీసరు ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా అయ్యాక పెన్నుకు మూత పెట్టింది. కాగితాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపి, బుట్టలో వేసి, "మీ సీట్లో మీరు చాలా బాగా ఎదుగుతున్నారు, వెళ్ళండి," అంది.

ఆయన రాతను ఒక మనిషి మధ్యలో లేచిపోకుండా చివరిదాకా వినడం అదే మొదటిసారి.