ఆదికేశవులు కంపెనీ నాణ్యతా విభాగం

దేశ పారిశ్రామిక చరిత్ర రాసేవారు 1983లో తమిళుల ఆవణి నెలను బంగారు అక్షరాలతో రాసుకోవాలి! ఆ నెలలోనే తిరువళ్ళూరులో ఆదికేశవులు రేకుల షెడ్డుకు ఒక విదేశీ పంపుసెట్ల కంపెనీ నుంచి, వాషర్ల ఆర్డరు కావాలంటే నింపాల్సిన పన్నెండు పేజీల ఫారం వచ్చింది.

షెడ్డులో ఉన్నవి ఒక ప్రెస్సు, ఇద్దరు పనివాళ్ళు, ఇనుప వాషర్ల గుట్ట. ఫారంలో అడిగినవి విభాగాలు! ఆదికేశవులు జంకలేదు. మంచినీళ్ళ కుండను 'సిబ్బంది సంక్షేమం' అన్నాడు. ఇసుక బక్కెట్టును 'భద్రత' అన్నాడు. 'నాణ్యత' దగ్గర మాత్రం కలం ఆగింది.

నిజానికి ఆ పని చేసేది ఆయన భార్య చెంగమ్మ. అత్తిమంజేరిపేట నేతగాళ్ళ ఇంటి ఆడబిడ్డ. కళ్ళు మూసుకుని తెగిన పోగును పట్టే వేళ్ళు ఆమెవి. వాషరును బొటనవేలితో ఒక్కసారి తడిమి, చెడ్డదైతే అవతలికి విసిరేస్తుంది. ఆమె ఏరిన సరుకు ఏనాడూ తిరిగి రాలేదు. అయినా పెండ్లాం పేరు ఫారంలో ఎట్లా రాయడం?

"చూడమ్మే, కంపెనీవాళ్ళు తనిఖీకి వచ్చే పొద్దు నువ్వు లోపలే ఉండు," అన్నాడు. "ఆడమనిషి నేలమీద కూసోని ఏరతా ఉంటే దొరలు ఆర్డరు ఇస్తారా? ఇది రాకపోతే షెడ్డు మూసేసి నేను మళ్ళా కూలికి పోవాల్సిందే!"

"ఏరేది ఎవరు మరి?"

"మీ తమ్ముడు!"

తమ్ముడు వెంకటపతి తిరుత్తణిలో నాటకాలు ఆడేవాడు. కోటు తొడిగి కుర్చీలో కూర్చోబెడితే, ఆదికేశవులుకే లేచి నిలబడాలనిపించింది.

కంపెనీ ఆఫీసరు నటరాజన్ తనిఖీకి వచ్చాడు. కుండను గౌరవంగా చూశాడు. తర్వాత సగం పగిలిన వాషరొకటి వెంకటపతి చేతికిచ్చాడు. వెంకటపతి దాన్ని వెలుతురుకెత్తి, అటూ ఇటూ తిప్పి, రంధ్రంలోంచి ఆఫీసరునే చూసి, గంభీరంగా "ఓకే!" అన్నాడు.

"అయ్యో, అది పగిలిపోయిందిరా, పారెయ్!" లోపలినుంచి చెంగమ్మ ఉండబట్టలేక అరిచింది.

"ఎవరది?"

"వంటమనిషి సార్!" అన్నాడు ఆదికేశవులు. అన్నాక సిగ్గుతో చచ్చిపోయాడు.

నటరాజన్ ఆమెను పిలిచి గుప్పెడు వాషర్లిచ్చాడు. క్షణంలో మంచివి ఇటు, చెడ్డవి అటు. ఆయన నవ్వాడు.

"ఇకమీద సరుకు ఈమే ఏరాల, అట్లయితేనే ఆర్డరు. ఈ కోటాయన్ని మాత్రం మాకిచ్చేయండి సార్! వచ్చే నెల ఫారిన్ డైరెక్టరు మా తనిఖీకి వస్తా ఉండాడు. మా నాణ్యతా విభాగంలో కుర్చీ ఉండాది, కూర్చునే మనిషే లేడు!"

ఆర్డరు వచ్చింది. మూడు నెలలు ఒక్క వాషరూ వెనక్కి రాలేదు. నాలుగో నెలలో కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆదికేశవులు పైకి చదివాడు: "మీ సంస్థలో నాణ్యతా విభాగానికి అర్హుడైన అధికారి లేడని మా దృష్టికి వచ్చినది. ముప్పై దినములలో నియమించనిచో సరఫరా రద్దు. ఇట్లు, వెంకటపతి, నాణ్యతా మేనేజరు."

చెంగమ్మ ఏరడం ఆపలేదు.

"మా అన్న పళని ఊరికే ఉండాడు కదయ్యా," అంది. "వాషరంటే ఏందో వానికీ తెలీదు. సరిపోతాడు."