పదిమంది బానిసలు కావలెను

జిల్లాలో ఫోను ఆటలకు బానిసైనవాడు ఒక్కడు కూడా మిగలడానికి వీల్లేదని మంత్రిగారు మైకు ముందు ప్రకటించారు. అలా ప్రకటించినప్పుడు ఆయన కళ్ళు చెమర్చాయి. ఆ కన్నీరు తుడిచే బాధ్యత ‘ఆటల విముక్తి పథకం’ స్పెషల్ ఆఫీసర్ గణపతిరావుగారి మీద పడింది. సర్వీసంతటిలో చీట్లపేక కూడా ముట్టని మనిషి.

పథకం చక్కటిది. పదిమంది బానిసల్ని చూపించిన ఊరికి, వాళ్ళ చికిత్స కోసం రేకుల హాలు, పది మంచాలు, ఫ్యాన్లు. చూపించలేని ఆఫీసరుకి బదిలీ.

గణపతిరావుగారి ఖర్మకి దొరికిన ఊరు భావనపాడు దాటాక వచ్చే దిబ్బలపేట. అక్కడ మగాళ్ళు చీకటుండగానే సముద్రం మీద వేటకి పోతారు, పొద్దుగూకితే పడుకుంటారు. ఉన్నవి బటన్ ఫోన్లు, వాటిలోనూ ఉప్పునీళ్ళకి సగం మీటలు పనిచెయ్యవు. ఊరంతా గాలించినా ఒక్క బానిస దొరకలేదు. ఇంత వెనకబాటుతనం చూసి ఆయన గుండె తరుక్కుపోయింది.

చేపలమ్మే ఆడవాళ్ళకి పెద్ద గున్నమ్మ. ఆవిడే ఆయన దగ్గరికొచ్చింది.

“ఎండుసేపలు వానకి తడిసి పురుగులట్టేస్తన్నాయి బాబూ. ఓ షెడ్డు ఎయ్యండని ఎన్నేళ్ళనించో మొరెట్టుకుంటన్నాం.”

“చేపలకి స్కీము లేదమ్మా. బానిసలకే ఉంది.”

గున్నమ్మ కాస్త ఆలోచించింది. “అయితే అవుతాం. ఏటి సెయ్యాల?”

అవగాహన నిమిత్తం పది ట్యాబ్‌లు దిగాయి. నేర్పాలంటే ముందు తను నేర్చుకోవాలి గనక, గణపతిరావుగారు ఒక మధ్యాహ్నమంతా కూర్చుని రంగు బుడగలు పేల్చే ఆట నేర్చుకున్నారు. మర్నాడు వేట నుంచి వచ్చిన పదిమందినీ ఇసకలో కూర్చోబెట్టి క్లాసు మొదలెట్టారు.

గున్నమ్మ కొడుకు కొండబాబు అడిగాడు. “ఈ బుడగ పేలితే ఏటొస్తాది బాబూ?”

“పాయింట్లొస్తాయి.”

“పాయింట్లొస్తే?”

“ఇంకో లెవెల్‌కి వెళ్తావు.”

“అక్కడేటున్నాది?”

“బుడగలు.”

కొండబాబు ఆవలించాడు. “వల సిరిగిపోనాది బాబూ, కుట్టుకోవాల,” అని లేచిపోయాడు. వెనకే మిగతా తొమ్మిదిమందీ లేచారు.

రోజుకి నాలుగు గంటలు ఆడినట్టు ట్యాబ్ చూపిస్తేనే బానిస కింద లెక్క. దాంతో పదింటినీ ఇంటికి పట్టుకుపోయి, పదిమంది తరఫునా గణపతిరావుగారే ఆడారు. అన్ని గంటలు రోజులో లేకపోవడం ప్రభుత్వం తప్పు కాదు. రెండు చేతులతో రెండేసి ఆడారు. ఆఫీసులో ఆడారు, బస్సులో ఆడారు, అరసవల్లి గుళ్ళో దర్శనం క్యూలో ఆడుతూ దేవుణ్ణి దాటి వెళ్ళిపోయారు. ఇంట్లో భార్య పద్మకుమారిగారు అన్నం కలిపి ముద్దలు నోట్లో పెట్టారు. ఇలాంటి త్యాగం ఈ రోజుల్లో ఎవరు చేస్తారు?

వానలకి ముందే హాలు లేచింది. రేకుల కింద నిలబడి పైకి చూస్తూ గున్నమ్మ సంతోషం పట్టలేక ఏడ్చేసింది. ఆ సాయంత్రమే ఎండుచేపలు లోపలికి చేరాయి. మంచాలు ఊరికే పడుంటే ఎవరికి లాభం?

మంత్రిగారు వచ్చిన రోజు హాలు బయట షామియానా వేశారు. పదిమందీ వరసగా వచ్చి, ఆ పొద్దున్నే గణపతిరావుగారు చేతికిచ్చిన ట్యాబ్‌లు తిరిగిచ్చేశారు.

“ఎలా మానగలిగావయ్యా?” అన్నారు మంత్రిగారు.

“బాబు ఆడమన్నారు, ఆడేం. మానెయ్యమన్నారు, మానేసేం,” అన్నాడు కొండబాబు.

“సంకల్పబలమంటే ఇదీ!” చప్పట్లు మోగాయి.

ఇంతలో హాల్లోంచి గాలి వీచింది. మంత్రిగారు ముక్కు మూసుకున్నారు. “ఏమిటీ వాసన?”

“మందులండీ,” అన్నారు గణపతిరావుగారు, తలెత్తకుండా.

ఉత్తమ అధికారిగా ఆయనకే సన్మానం. శాలువా కప్పినా తల లేవలేదు, వినయం అనుకున్నారు. జ్ఞాపిక అందిస్తే ఎడమచెయ్యి ఒక్కటే వచ్చింది. కుడిచెయ్యి సొంత ఫోను మీద ఉంది.

“ఒక్క నిమిషం సార్. ఈ లెవెల్ అయిపోతే వచ్చేస్తాను.”

“చూశారా, స్టేజీ మీద కూడా డ్యూటీయే!” అని మంత్రిగారు విలేకర్లకి చూపించారు. వాళ్ళు రాసుకున్నారు.

ముందు వరసలో పద్మకుమారిగారు చీర చెంగుతో కళ్ళు తుడుచుకుని గున్నమ్మ వైపు చూశారు. గున్నమ్మ లేచి, హాలు గుమ్మంలో నిలబడి కేకేసింది.

“ఒసే కూర్మమ్మా! ఆ ఫ్యాను కింద మంచం మీద సేపలు తీసెయ్యే. పేషంటొస్తన్నాడు.”