మౌనంగా ఉండే హక్కు

ఆ గురువారం ప్లాన్ చాలా తేలికైనది. ఏడింటికి ఇడ్లీ, ఏడున్నరకి ప్రార్థన, ఎనిమిదింటికల్లా శాంటా క్లారాలో బయలుదేరితే, పదిన్నరకి శాన్‌ఫ్రాన్సిస్కోలో రత్నరాజు పౌరసత్వం ఇంటర్వ్యూ. కిందటిసారి జ్వరం వచ్చి వాయిదా వేయించుకున్నాడు. ఈసారి తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి. అతను పౌరుడైతేగాని చెల్లెలు ప్రేమజ్యోతిని అమెరికా రప్పించడానికి పిటిషన్ వేయడం కుదరదు. అందుకని కాగితాలన్నీ నీలం ఫైల్లో పెట్టి, మూడుసార్లు సరిచూసుకున్నాడు.

రత్నరాజు పగలంతా చిప్పులు పరీక్షించే ఇంజనీరు. సాయంత్రమైతే టీవీ ముందు సగం పోలీసు, సగం లాయరు. అమెరికా వచ్చిన ఎనిమిదేళ్ళలో ఒక్క పోలీసు సీరియలూ వదల్లేదు. అతన్ని కట్టిపడేసింది తుపాకులూ, కార్ల పరుగులూ కాదు. బేడీలు వేస్తూ కూడా, నువ్వు మౌనంగా ఉండవచ్చు, నీకు లాయరుంటాడు అని దొంగకి హక్కులు చదివి వినిపిస్తారే, అది. చిన్నప్పుడు వాళ్ళ మేనమామ సైకిలు పోయిందని చెప్పుకోవడానికి స్టేషనుకెళ్ళి, తనే రెండు లెంపకాయలు తిని వచ్చాడు. అందుకే ఆ నాలుగు మాటలు వింటుంటే రత్నరాజుకి నిజంగానే కళ్ళు చెమర్చేవి. బైబిల్లో ఇరవై మూడో కీర్తన వచ్చినట్టే అవీ కంఠతా వచ్చేశాయి.

తెలుగు చర్చి వాళ్ళ అలవాటు ప్రకారం భార్యాభర్తలిద్దరూ కారు పక్కన నిలబడి ప్రయాణ ప్రార్థన చేశారు. లూసీ మొదలుపెట్టిందంటే చుట్టాలందరి పేర్లూ అయ్యేదాకా ఆగదు. ఆమెన్ అనేసరికి ఎనిమిదీ ఇరవై. గబగబా ఎక్కి కూర్చున్నారు.

రెండు మైళ్ళు వెళ్ళారో లేదో, వెనక పోలీసు కారు ఎర్ర లైట్లు తిరిగాయి. రత్నరాజు కారు పక్కకి తీసి ఆపాడు. ఏం చేయాలో తెలియని మనిషి కాదు.

"లూసీ, ఒక్క ముక్క మాట్లాడకు. ఏం చెప్పినా కోర్టులో మన మీదకే వస్తుంది."

"మనం ఏం చేశామండీ?"

"అది వాళ్ళే ప్రూవ్ చేయాలి."

దిగి, ఎవరూ అడక్కుండానే బానెట్ మీద చేతులు ఆనించి, కాళ్ళు ఎడం చేసి నిలబడ్డాడు. ఎదురొస్తున్న పోలీసు ఆగిపోయాడు. యాభై దాటిన మనిషి. ఇంత సర్వీసులో పిలవకుండా లొంగిపోయినవాణ్ణి చూసి ఉండడు. గుడ్ మార్నింగ్ అన్నాడు. జవాబు లేదు. ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. దానికీ జవాబు లేదు. పేరైనా చెప్పమన్నాడు. రత్నరాజు పెదవులు ఇంకాస్త బిగించాడు. చివరికి ఆ పెద్దాయన రేడియోలో ఇంకొకరిని పిలిచాడు.

మొగుడు బానెట్ మీదకి వాలిపోవడం చూసిన లూసీ, మాట్లాడొద్దన్నాడుగాని ప్రార్థించొద్దనలేదు కదా అనుకుని, కళ్ళు మూసుకుని గొంతెత్తింది. రెండో కారులో వచ్చిన ఆడ పోలీసు కిటికీలోంచి ఏదో అడగబోయి, సంగతి గ్రహించి టోపీ తీసింది. పెద్దాయనా తీశాడు. లూసీ తన చుట్టాలందరితో పాటు ఆ పోలీసుల ఇంటివాళ్ళని కూడా, పేర్లు తెలియకపోయినా వదలకుండా, ప్రార్థనలో కలిపింది. ఇద్దరూ తలొంచుకుని ఓపిగ్గా నిలబడ్డారు. తొమ్మిది కావస్తోంది.

ఆమెన్ వినబడ్డాక రత్నరాజు ఇక ఆగలేకపోయాడు. అరెస్టు చేస్తే చేశారు, పద్ధతి తప్పితే ఎలా?

"ఆఫీసర్, మీరింకా నా హక్కులు చదవలేదు."

"అరెస్టు చేస్తే కదా సార్, చదవడం," అని పెద్దాయన తన కారు దగ్గరికెళ్ళి, నీలం ఫైలు తెచ్చి బానెట్ మీద పెట్టాడు. "ఇది మీ కారు టాప్ మీంచి రోడ్డు మీద పడింది. ఇద్దామని వెనకాలే వచ్చాను."

ప్రార్థనలో చేతులు జోడించడానికని ఫైలు కారు మీద పెట్టడం రత్నరాజుకి అప్పుడు గుర్తొచ్చింది. ఈసారి అతనికి నిజంగానే నోరు పెగల్లేదు. ఒక కాగితం మీద టైరు మరక ఉంది. అయినా ఒక్కటీ పోలేదు. ఆ పెద్దాయన నడిరోడ్డు మీద అన్నీ ఏరి, వరసలో సర్ది ఉంచాడు.

ఇంటర్వ్యూ సంగతి లూసీయే చెప్పింది. వెంటనే పోలీసులిద్దరూ కార్లెక్కి, లైట్లు వేసుకుని, ముందొకరూ వెనకొకరూ ఫ్రీవే దాకా సాగనంపారు. ఇంత మంచివాళ్ళని టీవీలో ఎందుకు చూపించరో అని రత్నరాజు దారి పొడుగునా బాధపడ్డాడు. టీవీ పోలీసులకి కాగితాలు ఏరే సీను ఎవరూ రాసిపెట్టలేదు మరి.

పదీ ఇరవైకి చేరారు. రాజ్యాంగం ఇచ్చిన హక్కు ఒకటి చెప్పమని ఇంటర్వ్యూ ఆఫీసరు అడిగితే, రత్నరాజు లేచి నిలబడి టీవీ పోలీసులు చదివే హక్కుల మాటలన్నీ మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పాడు. ఆఫీసరు నవ్వి, పాసయ్యారని చెప్పి, ఫారంలో మిగిలిన ప్రశ్న చదివాడు: ఎప్పుడైనా అరెస్టయ్యారా?

"లేదండీ," అన్నాడు రత్నరాజు దిగులుగా.

దిగులుకి ఫారంలో గడి లేదు కాబట్టి, ఆఫీసరు "లేదు" దగ్గర టిక్కు పెట్టాడు.