మేనక వైపు కోర్టు

యర్రంశెట్టి మేనక రాష్ట్రస్థాయి బ్యాడ్మింటన్ సింగిల్స్ గెలిచిన కొద్ది రోజులకే, కొత్తరేవు ఇండోర్ స్టేడియంలో ఆమె ఆడే వైపు కోర్టు వెనకగోడ దాటి, సైకిల్ స్టాండు దాటి, బస్టాండు దాకా పెరిగింది. ఇందులో వింతేమీ లేదు. పతకం తెచ్చినవాళ్లకి ప్రభుత్వం స్థలం ప్రకటించడం మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ. ముందు శాలువా, తర్వాత పూలదండ, ఆ తర్వాత మైకు, మైకు వెనక మంత్రిగారు, మంత్రిగారి నోట ఇంటి స్థలం. మేనక సన్మానంలోనూ అలాగే జరిగింది. కాకపోతే కొత్తరేవులో స్టేడియం వెనక తప్ప చేతికందే ప్రభుత్వ భూమి లేదు. కొలతకి వచ్చిన సర్వేయరు హద్దులు రాయాలి గనక, తూర్పున బస్టాండు, పడమట లబ్ధిదారు ఇప్పటికే అనుభవిస్తున్న సగం కోర్టు అని రాశాడు. రెండూ ఒకే మనిషివైనప్పుడు మధ్యలో గీత దేనికని పై ఆఫీసువాళ్లు రెంటినీ కలిపేశారు. కూలీలు వచ్చి వెనకగోడ పడగొట్టారు. పెయింటర్లు వచ్చి కోర్టు వెనక గీత చెరిపి, బస్టాండు దగ్గర కొత్త గీత గీశారు. తెల్లరంగు తారురోడ్డు మీద చక్కగా అంటుకుంది.

షటిల్ అనేది ఈకల వస్తువు. ఎంత బాదినా బస్టాండు దాకా వెళ్లేది కాదు. కానీ ఉత్తర్వు వచ్చాక అదీ ఉత్తర్వు ప్రకారమే నడుచుకుంది. ఆ తర్వాతి మ్యాచిలో అవతలి అమ్మాయి మామూలుగా ఎత్తి కొట్టిన షటిల్, మేనక తల మీంచి, సైకిళ్ల మీంచి, టీకొట్టు రేకుల మీంచి నింపాదిగా సాగి, కదలడానికి సిద్ధంగా ఉన్న నిడదవోలు బస్సు పక్కన దిగబోయింది. మేనక రాకెట్ పట్టుకుని పరిగెత్తింది. బస్సు డ్రైవరు మర్యాదగా కాస్త వెనక్కి తీశాడు. ఆమె కొట్టిన దెబ్బకి షటిల్ మళ్లీ అదే దారిన స్టేడియంలోకి వెళ్లి నెట్ దాటింది. కిటికీల్లోంచి ప్రయాణికులు చప్పట్లు కొట్టారు. పాయింటు మేనకకే వచ్చింది.

ఆమెకి చిన్నప్పటి నుంచీ ఆట నేర్పినవాడు డేవిడ్ రత్నం మాస్టారు. మునిసిపల్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. మెళ్లో విజిల్ మాత్రం రిటైర్ కాలేదు.

"కోర్టు పెరిగిందండి మాస్టారూ," అంది మేనక ఆయాసపడుతూ.

"పెరిగితే పరిగెట్టమ్మా. పతకం కావాలన్నది నువ్వే కదా," అన్నాడాయన.

ఆవిడ పరిగెత్తింది. పరిగెత్తిన కొద్దీ గెలిచింది, గెలిచిన కొద్దీ పెరిగింది. జోనల్ పోటీలు గెలిస్తే కూరగాయల మార్కెట్టు కలిసింది. ఆ పై ఏడాది మరో కప్పు గెలిస్తే కాలవ వంతెన దాకా వచ్చింది. గేమ్ అయ్యాక ఆటగాళ్లు వైపులు మారాలన్నది ఆట నియమమే గానీ, అటు వైపు పట్టా మేనక పేరున ఉంది. ఒకరి పట్టా భూమిలో ఇంకొకరు నిలబడి రాకెట్ ఊపితే రేపు అది ఆక్రమణ కిందకొస్తుందని లాయర్లు సలహా చెప్పారు. కాబట్టి వైపులు మారడం రద్దయింది. కోర్టుని ఎత్తుకుని వేరే ఊరు పోలేరు గనక దేశంలోని పెద్ద పోటీలన్నీ కొత్తరేవులోనే పెట్టడం మొదలైంది.

ఊరికి పండగొచ్చింది. లాడ్జీలు నిండాయి. ఆట జరిగే ప్రాంతంలో వెలుతురు తగ్గకూడదన్న నిబంధన వల్ల కోర్టు లోపల ఇళ్లకి కరెంటు పోవడం మానేసింది. దాంతో ఇంకా కోర్టులోకి రాని వీధులవాళ్లు, మా వీధి ఎప్పుడు కలుపుతారంటూ మేనకని నిలదీసేవారు. ఆటో మీద మైకు పెట్టుకుని ఒకతను "సర్వీస్ వేస్తున్నారు, సర్వీస్ వేస్తున్నారు" అని ముందుగా చెప్పుకుంటూ పోయేవాడు. మార్కెట్లో తట్టలు పక్కకి జరిగేవి. షటిల్ ఊరి మీంచి తెల్లగా, తాపీగా వెళ్తుంటే జనం డాబాలెక్కి చూసేవాళ్లు. దూరానికి తగ్గ సమయం అది తీసుకునేది. దాని కింద మేనక సందులూ గొందులూ దాటుకుంటూ పరిగెత్తేది. బజ్జీలబండి ఆవిడ బాణలి ఎత్తి దారిచ్చేది. ఆ పరుగు చూడ్డానికి రెండు కళ్లూ చాలేవి కావు.

మేనక తల్లి వీరమణికి కూతురంటే గర్వం, కూతురి మోకాళ్లంటే దిగులు. పోయినసారి గెలిచినప్పుడు వాళ్ల వీధీ, వాళ్ల ఇల్లూ కూడా కోర్టులో కలిశాయి.

"ఊళ్లో సగం నీదేనంట కదే. ఓ కొట్టు అద్దెకిచ్చుకోకూడదా?"

"ఆట కోసమే వాడాలమ్మా. అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు."

"మరి దేనికే అంత?"

"కాపలా కాయడానికి," అంది మేనక, మోకాళ్లకి నూనె రాసుకుంటూ.

నిజానికి మేనక పరుగు మనిషి కాదు. పొట్టి పిల్ల. బలం లేదు, ఎత్తు లేదు. ఉన్నదల్లా మణికట్టు. నెట్ దగ్గర నిలబడి, వచ్చిన షటిల్‌ని రాకెట్‌తో ఊరికే అలా తాకితే, అది నెట్ అంచు మీద కాసేపు తటపటాయించి అవతలికి జారిపోయేది. ఆ తటపటాయింపు కోసమే ఆమె ఈ ఆటలోకి వచ్చింది. ఇప్పుడు నెట్ దగ్గరికి వెళ్తే వెనక ఊరంతా ఖాళీగా ఉండిపోతుంది. అందుకని మార్కెట్టు మధ్యలో నిలబడి ఆడేది. ఎదుటి మనిషి ముఖం చూసి ఏళ్లయింది. ఆకాశంలోంచి షటిల్ వస్తే కొట్టడం, అది వెళ్లిన దిక్కు చూస్తూ నిలబడడం, ఇంతే. పతకాలు మాత్రం క్రమం తప్పకుండా వచ్చేవి. వాటిని చూసినప్పుడల్లా ఆమెకి ఏడుపొచ్చేది.

చివరికి ఒక రోజు తహసీల్దారు దగ్గరికి వెళ్లింది.

"నా కోర్టు తగ్గించండి సార్. మామూలు కోర్టు చాలు."

తహసీల్దారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అందరూ పెంచమని వస్తారమ్మా. సరే, మీది మీ ఇష్టం. వెనక్కి తీసుకునే పద్ధతి కూడా ఉందండి. మీరు ఓడిపోవాలి. ఓడినవారి దగ్గర్నుంచి భూమి వెనక్కి తీసుకోవచ్చని ఉత్తర్వులోనే ఉంది."

"ఏ మ్యాచి ఓడినా సరేనా?"

"ఫైనలండి. జాతీయ ఫైనల్. చిన్నా చితకా వాటికి మేం ఫైలు కదపం."

జాతీయ ఫైనల్ ఆ నెలాఖరుకే ఉంది. ప్రత్యర్థి కడప నుంచి వచ్చిన కౌసర్. పొడుగు పిల్ల, పదునైన చెయ్యి. మేనక ఆ సాయంత్రమే మాస్టారితో చెప్పేసింది, ఫైనల్ ఓడిపోతున్నానని, ఓడి నెట్ దగ్గరికి తిరిగొస్తానని.

"నీకు ఓడడం నేను నేర్పలేదు కదమ్మా. ఇప్పుడెవరి దగ్గర నేర్చుకుంటావ్?"

"అదేం విద్యండీ? వదిలేస్తే అదే పడిపోద్ది."

"ఆయ్. వదిలి చూడు మరి," అన్నాడాయన.

ఫైనల్ రోజు కొత్తరేవులో కొట్లన్నీ కట్టేశారు. డాబాలు నిండిపోయాయి. మొదటి గేమ్‌లో మేనక మార్కెట్టు మధ్య నిలబడి, పడే షటిల్‌ని పడనిచ్చింది. ఒకటి వంకాయల తట్టలో పడింది, ఇంకొకటి ఎవరి గొడుగు మీదో పడింది. జనం గుసగుసలాడారు. గేమ్ పోయింది. అనుకున్నది అనుకున్నట్టే జరుగుతున్నా ఆమె నోరంతా చేదుగా అయింది. రెండో గేమ్‌లో ఒక షటిల్ వంతెన వైపు సాగింది. ఎంత దూరం పోతుందో చూద్దామని మాత్రమే నాలుగడుగులు వేసింది. కాళ్లు ఆగలేదు. వంతెన రెయిలింగు పక్కన, నీళ్లలోకి జారబోతున్న షటిల్‌ని వంగి లేపి కొట్టింది. ఊరు ఊరంతా కేకలేసింది. ఒంట్లో రక్తం ఝుమ్మంది. తర్వాత ఒక్కటీ వదల్లేదు. రెండో గేమ్ ఆమెదే అయింది.

మూడో గేమ్ గురించి కొత్తరేవు జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆధిక్యం ఒకరిది కాగానే మరొకరు అందుకున్నారు. ఇరవై అయింది, ఇరవై అయిదయింది. మైకు ఆటో వెంట జనం పరుగులు తీశారు. చూస్తుండగానే ఇరవై తొమ్మిది, ఇరవై తొమ్మిది. ఇక ఒక్క పాయింటు. ఎవరికొస్తే వాళ్లదే కప్పు. 'ఇది వదిలేస్తే చాలు,' అనుకుంది మేనక. ఈ ఒక్కటీ వదిలేస్తే రేపు పెయింటర్లు వచ్చి పాత గీత గీస్తారు.

కౌసర్ ఎత్తి కొట్టింది. షటిల్ వంతెన దాకా వెళ్లింది, మేనకా వెళ్లింది, తిప్పి కొట్టింది. కౌసర్ ఈసారి మేనక వాళ్ల వీధిలోకి పంపింది. వాకిట్లో నిలబడ్డ వీరమణి గుమ్మం దగ్గర చెప్పులు లాగేసి దారిచ్చింది. "కొట్టవే తల్లీ!" అని ఆవిడ అరిచేలోపే కూతురు కొట్టేసి వీధి మలుపు తిరిగింది. అప్పుడు కౌసర్ తెలివైన పని చేసింది. షటిల్‌ని ఊరి మీదకి పంపకుండా, నెట్ పక్కనే, అవతలికి సుతారంగా వేసింది.

కోర్టు ఎంత పొడుగైతే షటిల్ అంత ఆగాలి గనక, అది నెట్ మీద గాల్లో నిదానంగా దిగుతోంది. మేనక వీధి దాటింది, మార్కెట్టు దాటింది, బస్టాండు దాటింది. సైకిల్ స్టాండు దాటి, లేని వెనకగోడ దాటి, ఏళ్ల తర్వాత నెట్ ముందుకొచ్చి నిలబడింది. ఎదురుగా కౌసర్ ముఖం కనిపించింది. ముక్కుపుడక, చెమట, బెదురు చూపు. ఎంత దగ్గరగా ఉంది! షటిల్ కిందకి దిగుతోంది. వదిలేస్తే అయిపోతుంది. కానీ అది ఎలాంటి షటిల్? ఏ షటిల్ కోసం ఆమె ఈ ఆటలోకి వచ్చిందో, ఏ షటిల్ కోసం ఓడిపోదామనుకుందో, అదే అది. మేనకకి పట్టలేని ఆనందం కలిగింది. మణికట్టు ఊరికే అలా తిరిగింది. షటిల్ నెట్ అంచెక్కి, కాసేపు తటపటాయించి, అవతలికి జారిపోయింది.

ఊరు దద్దరిల్లింది. మాస్టారు విజిల్ ఊదుతూ ఏడ్చాడు. మేనక కూడా ఏడ్చింది గానీ, ఎందుకో ఎవరూ అడగలేదు. కప్పు గెలిచినవాళ్లు ఏడవడం మామూలే.

శాలువా అయింది, దండ అయింది, మైకు వచ్చింది. మంత్రిగారు తహసీల్దారు వైపు వంగి, ఊళ్లో ఇంకేం ఖాళీ ఉందని అడిగారు. వంతెన దాటితే పక్క జిల్లా మొదలవుతుందనీ, అటు తమకి అధికారం లేదనీ, ఖాళీగా ఉన్నదల్లా స్టేడియంలో నెట్‌కి అవతలి సగమేననీ తహసీల్దారు చెవిలో చెప్పాడు. మంత్రిగారు వెంటనే అది ప్రకటించారు. చప్పట్లు ఆగలేదు. కౌసర్ తన సంచీ, నీళ్ల సీసా తీసుకుని గీత దాటి బయటికొచ్చింది.

"నా వైపుది కూడా మీకే ఇచ్చినారు కదక్కా. ఇంక మీకు ఎదురెవరుండారు?" అంది. ఆ గొంతులో అసూయ ఉందో జాలి ఉందో మేనకకి అంతుపట్టలేదు.

మరుసటి ఏడాది పోటీలు పద్ధతి ప్రకారమే జరిగాయి. నెట్‌కి అటూ ఇటూ పట్టా మేనకదే గనక అటూ ఇటూ నిలబడే హక్కు ఆమెదే. అంపైరు కుర్చీ ఎక్కి సున్నా సున్నా అన్నాడు. మేనక తూర్పు వైపు నుంచి సర్వీస్ వేసి, వంగి నెట్ కింద నుంచి పడమటి వైపుకి దూరి, ఆ సర్వీస్‌ని అందుకుని ఎత్తి కొట్టింది. మళ్లీ దూరి, షటిల్ వెంట మార్కెట్టు దాకా పరిగెత్తింది. అక్కణ్ణుంచి తిప్పి కొట్టి, మళ్లీ స్టేడియంలోకి పరిగెత్తి, మళ్లీ నెట్ కింద దూరింది. పడమటి వైపు మామూలు కోర్టే. నెట్ దగ్గర ఒక్క క్షణం నిలబడే వీలుంది. అయితే అక్కడ ఎంత సుతారంగా వేసినా, దాన్ని అవతల అందుకోవలసింది తనే. తన దెబ్బల్లో తనకి తెలియనిదేముంది? ఒక్కటీ కింద పడలేదు.

పొద్దెక్కాక, నెట్ కింద నుంచి దూరుతూ అంపైరుని అడిగింది. "ఇదెప్పుడు అయిపోతుందండి?"

"ఎవరో ఒకరు ఓడిపోవాలి కదమ్మా," అన్నాడు అంపైరు.

మేనక సరేనని తలూపింది. షటిల్ అప్పటికే వంతెన వైపు సాగుతోంది. గ్యాలరీలో కౌసర్ కాళ్లు చాపుకుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటోంది. ఆమె చుట్టూ ఊళ్లోని తల్లిదండ్రులంతా పిల్లల్ని వెంటబెట్టుకుని కూర్చున్నారు. మేనక తను కొట్టిన దాని వెనకాల తనే పరిగెత్తుతూ బస్టాండు మలుపు తిరుగుతుంటే, పిల్లల గడ్డాలు పట్టుకుని అటు తిప్పి, చూసి నేర్చుకోండని చెప్పారు.