ఠాకూర్‌మొశాయ్ మోకాలి రహస్యం

ఆ మంగళవారం పొద్దున శశధర్ ఘోషాల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా ఇల్లు దాటాలి. మెట్రో ఎక్కి, తనని ఎవరూ ఎరగని దక్షిణ కలకత్తాలో ఉన్న ఎముకల ఆసుపత్రికి వెళ్లాలి. కుడి మోకాలికి సూది వేయించుకోవాలి. మధ్యాహ్నం చేపల పులుసు చల్లారకముందే తిరిగొచ్చి, బారాక్‌పూర్‌లో ఎవరిదో తద్దినం పెట్టించి వచ్చానని చెప్పాలి. అంతే!

సూది వేయించుకోవడానికి ఇంత దొంగతనం దేనికంటే, ఆయన తానుండే పేటలో దుర్గాపూజకి పురోహితుడు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ పేటలో పిల్లా పెద్దా అందరికీ ఆయన ‘ఠాకూర్‌మొశాయ్’. అసలు పేరు పోస్టుమాన్‌కి మాత్రమే గుర్తు. పూజ నాలుగు రోజులూ మండపంలో బాసింపట్టు వేసుకుని గంటల తరబడి కూర్చోవాలి. కూర్చోవడం ఎలాగో అయిపోతుంది. లేవడం దగ్గరే వస్తోంది చిక్కంతా. ఈ సంగతి పూజ జరిపించే పేట క్లబ్బు వాళ్లకి తెలిసిందంటే పని అయిపోయినట్టే. పక్కవీధి వాళ్లు తమ పురోహితుడికి దగ్గొస్తోందని నిరుడు నిర్దాక్షిణ్యంగా మార్చేశారు. ఇక్కడ క్లబ్బు మీటింగుకి ఇంకా పదకొండు రోజులుంది. ఆ ఏటి పూజ అప్పజెబుతూ పురోహితుడికి తాంబూలం ఇచ్చేది ఆ రోజే. పూజకి ఏడు వారాల గడువుంది.

డాక్టరు ముందే విడమరిచి చెప్పాడు. "మీ రక్తమే కొంచెం తీసి, గిర్రున తిప్పే యంత్రంలో పెట్టి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే పసుపుపచ్చ నీటిని వేరుచేస్తాం. దాన్ని మీ మోకాల్లోకే ఎక్కిస్తాం. కొందరికి బాగా పనిచేస్తుంది, కొందరికి చేయదు. మాటివ్వలేను. మొదట రెండు మూడు రోజులు నొప్పి పెరుగుతుంది. రెండు వారాలు నేల మీద కూర్చోవద్దు. ఆరు వారాలకి గానీ ఫలితం తెలీదు." పెరుగు చిలికి వెన్న తీసినట్టన్నమాట, అనుకున్నాడు శశధర్. ఒంట్లోది ఒంట్లోకే పోతుంది కాబట్టి అపవిత్రమన్న శంక కూడా లేదు.

బయల్దేరే ముందు భార్య తరులతని పక్కకి పిలిచాడు. "చూడు తరూ, మోకాలు అన్న మాట నీ నోట రాకూడదు. నా మీద ఒట్టు."

"రాదు లెండి," అంది తరులత. ఆవిడ అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. ఒట్టు వేసిందంటే మాత్రం ప్రాణం పోయినా తప్పదు. ఈ రెండూ తెలిసి కూడా ఆయన ధైర్యంగా మెట్రో ఎక్కేశాడు.

పదకొండింటికి క్లబ్బు సెక్రటరీ పల్టూ నందీ వచ్చాడు. పేటలో పెళ్లయినా చావయినా కుళాయి పగిలినా ముందు వచ్చేది అతనే. మండపానికి తొలి వెదురు పాతే ముహూర్తం అడగడానికి డైరీ పట్టుకొచ్చాడు.

"బౌదీ! ఠాకూర్‌మొశాయ్ లేరా?" తరులతని అతను వదిన వరసలో అలాగే పిలుస్తాడు.

"బారాక్‌పూర్ వెళ్లారు. తద్దినానికి."

"తద్దినానికా? మరి ఆయన పంచాంగం, దర్భల సంచీ ఇక్కడే వేలాడుతున్నాయేం?"

తరులత చెవులు ఎర్రబడ్డాయి. "ఆసుపత్రికి వెళ్లారు, పల్టూ. ఎందుకని మాత్రం అడగకు. ఒట్టేశాను."

"అయ్యో, ఏమైంది బౌదీ?"

"అది చెప్పకూడదు. రక్తం తీస్తారట. ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారట. రెండు మూడు రోజులు ఎక్కువయ్యి ఆ తర్వాత తగ్గుతుందట. తగ్గుతుందో లేదో డాక్టరు కూడా మాటివ్వలేదు. ఇంతకంటే నన్నేమీ అడక్కు నాయనా!"

పల్టూ ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఆగస్టు నెలలో, వీధి వీధినా వాననీళ్లు నిలిచిన ఆ పేటలో, ప్లేట్‌లెట్లంటే ఒకటే అర్థం. నిరుడు ఆ ఒక్క వీధిలోనే పదకొండు మందికి డెంగీ వచ్చింది. అతని సొంత తమ్ముడు తొమ్మిది రోజులు ఆసుపత్రి ఐసీయూలో చావుబతుకుల మధ్య ఉండి వచ్చాడు. పల్టూ డైరీ అక్కడే వదిలేసి, మెట్లు రెండేసి చొప్పున దిగి క్లబ్బుకి పరుగెత్తాడు.

ఒంటిగంటకి శశధర్ టాక్సీలో వీధి మలుపు తిరిగేసరికి జనం కనిపించారు. ఎవరో పోయారు కాబోలు, పాపం, అనుకున్నాడు. టాక్సీ ఆగడమేమిటి, నలుగురు కుర్రాళ్లు తలుపు తీసి ఆయన్ని కుర్చీలో కూలేశారు. కుర్చీతో సహా భుజాలకెత్తుకున్నారు.

"నడవకండి ఠాకూర్‌మొశాయ్! ఒక్క అడుగు కూడా వద్దు!"

"ఇదేమిట్రా, దింపండి నన్ను!"

"మాట్లాడకండి, నీరసమొస్తుంది!"

మోచేతి మడతలో దూది, పాలిపోయిన ముఖం, ఒక కాలు చాచి కూర్చున్న తీరు. చూసినవాళ్లకి ఇంక అనుమానమే లేదు. ఎదురింటి ముసలావిడ కళ్లొత్తుకుంది. శశధర్‌కి మాత్రం లోలోపల ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఎందుకంటే రెండో అంతస్తులో ఉన్న తమ ఇంటి మెట్లు ఎలా ఎక్కాలా అని ఆయన దారిపొడుగునా బెంగపడుతూ వచ్చాడు.

మంచం చుట్టూ అప్పటికే దోమతెర కట్టేసి ఉంది. అందరూ కాస్త పక్కకి తప్పుకోగానే ఆయన పళ్లు నూరాడు. "ఏం చెప్పావు వాళ్లకి?"

"మోకాలన్నానా? అనలేదు," అంది తరులత నిబ్బరంగా. "కావాలంటే పల్టూనే అడగండి."

తెరలో పడుకుని ఆయన ఆలోచించాడు. డెంగీ కాదంటే, మరి రక్తం ఎందుకు తీశారంటారు. మోకాలికని చెబితే తాంబూలం పోతుంది. డెంగీ అయితే పది రోజుల్లో పోతుంది, మోకాలి మనిషన్న పేరు పడితే మాత్రం జన్మకి పోదు. సరే, పది రోజులు డెంగీయే నయం అనుకున్నాడు. జీవితంలో అంత పొరపాటు లెక్క ఆయన మరెప్పుడూ వేయలేదు.

ముందుగా వచ్చింది బొప్పాయి ఆకు రసం. ఒక గ్లాసు కాదు, ఇంటికో గ్లాసు. సాయంత్రానికి ఆ పేటలో బొప్పాయి చెట్లన్నీ మోడులై నిలబడ్డాయి. ఆ చేదుకి శశధర్ నాలుక మొద్దుబారి, మంత్రాలు కూడా తడబడ్డాయి. తర్వాత కివీ పండ్లు, కొబ్బరినీళ్లు, మేకపాలు. మేకపాలు తాజాగా ఉండాలని ఎవరో మేకనే తోలుకొచ్చి మెట్ల కింద కట్టేశారు.

పల్టూ థర్మామీటరు పెట్టి చూశాడు. "జ్వరం లేదే!"

"లేదు కదా! తగ్గిపోయినట్టే నాయనా!" అని శశధర్ ఆశగా లేవబోయాడు.

"అయ్యయ్యో, పడుకోండి! డెంగీలో జ్వరం తగ్గాకే అసలు ప్రమాదం. మా తమ్ముడికి అంతే అయింది." ఆ మాట అంటున్నప్పుడు పల్టూ గొంతు వణికింది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అందరికీ ఆశీర్వచనాలిచ్చిన మనిషి ఆ గొంతు విని సిగ్గుతో దిండులో ముఖం దాచుకున్నాడు.

రెండో రోజు దోమలమందు కొట్టేవాళ్లు వచ్చారు. పొగ గొట్టాలతో ఇంట్లోకి దూరి, నీళ్లు నిలవున్న ప్రతి గిన్నెనీ తిరగేశారు. తులసికుండీ కింద పళ్లెం, పావురాల తొట్టి, చివరికి పూజగది మూలనున్న పెద్ద రాగి గంగాళం. అందులో ఉన్నది గంగాజలం. దుర్గాపూజ కోసం వేకువజామున ఘాటుకి పోయి స్వయంగా ముంచి తెచ్చుకున్నది.

"అది గంగ నాయనా!" అని అరిచాడు శశధర్ తెరలోంచి.

"దోమకి తెలీదు కదండీ," అన్నాడు మందు కొట్టేవాడు. గంగ మెట్ల మీదుగా జలజలా దిగి మేక కాళ్లు కడిగింది.

క్లబ్బు గోడకి ఒక నల్లబల్ల ఉంది. మామూలుగా క్రికెట్ స్కోరు రాస్తారు. ఇప్పుడు దాని మీద ‘ఠాకూర్‌మొశాయ్ ప్లేట్‌లెట్లు’ అని రాసి, కింద రోజూ ఒక అంకె వేయడం మొదలైంది. ఆ అంకె చెప్పాల్సింది ఈయనే. ఆసుపత్రి వాళ్లు ఫోన్లో చెప్పారని ఏదో ఒకటి అనాలి. మొదటిరోజు తెలివిగా లక్షా పదివేలన్నాడు. అయితే రెండోరోజు అంకె కాస్త పెంచితే, ఎవరి రసానికి పెరిగిందోనని ఇళ్ల మధ్య పోటీ వచ్చి, గ్లాసులు రెట్టింపయ్యాయి. మూడోరోజు భయపడి అంకె తగ్గించాడు. పావుగంటలో వీధి చివర అంబులెన్సు కూత వినిపించింది. వెనకాలే రక్తమివ్వడానికి పదకొండు మంది కుర్రాళ్లు చొక్కా చేతులు మడుచుకుని మెట్ల మీద వరసగా కూర్చున్నారు.

"పెరిగింది, పెరిగింది! ఇప్పుడే ఫోనొచ్చింది!" అని కేకపెట్టాడు శశధర్. అంబులెన్సు వెనక్కి పోయింది. రసం తిరిగొచ్చింది.

ఈ గోలలో ఒకటి మాత్రం ఆయన గమనించలేదు. కాలు కింద పెట్టనివ్వకపోవడంతో, మొదటి మూడు రోజులూ నరకం చూపించిన మోకాలు తర్వాత నెమ్మదిగా సద్దుమణగడం మొదలెట్టింది.

పదకొండో రోజు సాయంత్రం పల్టూ వచ్చి తెర పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. చేతిగడియారం తిప్పుకుంటూ మొదలెట్టాడు.

"ఠాకూర్‌మొశాయ్, మీరు బాధపడకూడదు. డెంగీ తర్వాత నీరసం మూడు నెలలు వదలదు. అందుకని ఈ ఏడాదికి నవద్వీపం నుంచి ఒక కుర్రాణ్ని మాట్లాడాం. ముప్ఫై ఏళ్లవాడు. ఐదు గంటలు కదలకుండా కూర్చుంటాడట. రేపు మీటింగులో తాంబూలం ఇచ్చేస్తాం. మీరు హాయిగా విశ్రాంతి తీసుకోండి."

ఏది పోకూడదని శశధర్ ఇన్ని గ్లాసుల చేదు మింగాడో, అదే పోతోంది. పల్టూ వెళ్లాక ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ముప్ఫై ఒక్క ఏళ్లు తరూ! ఆ తల్లి ముందు కూర్చోకుండా ఆ నాలుగు రోజులూ నేనేం చేయను? ఇంట్లో కూర్చుని డప్పుల చప్పుడు వింటూ ఉండనా?"

"వెళ్లి నిజం చెప్పండి," అంది తరులత. "ఎలాగూ పోయేదే అయితే, అబద్ధం వల్ల పోవడమెందుకు? మీ మోకాలి వల్లే పోనివ్వండి."

మర్నాడు క్లబ్బులో అందరూ క్యారమ్ బల్ల చుట్టూ కూర్చుని ఉండగా శశధర్ గుమ్మంలో నిలబడ్డాడు. మెట్లన్నీ ఒక్కొక్కటిగా, ఎవరి సాయమూ లేకుండా దిగి వచ్చాడు. మోసుకురావడానికి లేచిన కుర్రాళ్లని చెయ్యెత్తి ఆపాడు.

"నాకు డెంగీ రాలేదు," అన్నాడు. "ఎన్నడూ లేదు. ఆ అంకెలన్నీ నేనే కల్పించాను. నాది మోకాలి నొప్పి. నాలుగేళ్లుగా కూర్చుంటే లేవలేను. మీకు తెలిస్తే తీసేస్తారని భయపడి దొంగచాటుగా సూది వేయించుకున్నాను. నన్ను క్షమించండి. ఇక మీ ఇష్టం."

పల్టూ లేచి దగ్గరకొచ్చాడు. "డెంగీ లేదా? నిజంగా లేదా?"

"లేదయ్యా."

పల్టూ ఆయన్ని గట్టిగా కావలించుకుని, వలవలా ఏడ్చేశాడు. "పదకొండు రోజులుగా నాకు నిద్రలేదండీ! మా తమ్ముడి మంచం పక్కన కూర్చున్నట్టే ఉంది!" ఆ మీదట కళ్లు తుడుచుకుని కోపం తెచ్చుకున్నాడు. "మోకాలికి ఇంత నాటకమా? మోకాలి సంగతి మాకు తెలీదా?"

"తెలుసా?" అన్నాడు శశధర్ బిత్తరపోయి. "ఎలా?"

"ఎలాగేమిటి! పూజలో మీ మెడలో మైకు ఉంటుంది. మీరు లేచిన ప్రతిసారీ ‘అమ్మా... చచ్చాను తల్లీ’ అన్నది నాలుగు వీధుల్లో, పద్దెనిమిది స్పీకర్లలో వినిపిస్తుంది. నాలుగేళ్లుగా వింటున్నాం. పై వీధి ముసలమ్మలకైతే అది కూడా మంత్రమే. ఆ మాట వినగానే లేచి దండం పెట్టుకుంటారు."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెబితే మీరు సిగ్గుపడి మానేస్తారని! మానేస్తే మాకెవరున్నారు? ఆ కుర్రాణ్ని మాట్లాడింది డెంగీ అనుకుని. మోకాలికి ఎవరైనా పురోహితుణ్ని మారుస్తారా? ఎత్తు పీట చేయిద్దామని రెండేళ్లుగా అనుకుంటున్నాం. మీతో అనే ధైర్యం లేక ఆగాం."

శశధర్ అక్కడే ఉన్న కుర్చీలో కూలబడ్డాడు. నాలుగేళ్ల బరువు ఒక్కసారి దిగిపోయి, ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పల్టూ నవద్వీపానికి ఫోన్ చేసి ఆ కుర్రాడికి సర్దిచెప్పి వచ్చి, తాంబూలం పళ్లెం తెచ్చి ముసలాయన చేతుల్లో పెట్టాడు. నల్లబల్ల మీది అంకెల్ని ఎవరో తుడిచేశారు. ఇంటికి నడిచి వెళ్తూ ఆయన దారిలో కనిపించిన ప్రతివాళ్లకీ మోకాలి గురించి చెప్పాడు. విననివాళ్లని ఆపి మరీ చెప్పాడు. బొప్పాయి ఆకులిచ్చినవాళ్లు కాసేపు గునిసి, ఆకులు మళ్లీ వస్తాయిలెమ్మని ఊరుకున్నారు.

పూజ వచ్చింది. అష్టమి, నవమి కలిసే వేళ సంధిపూజకి నూట ఎనిమిది దీపాలు వెలిగించారు. డప్పులు ఆగిపోయాయి. శశధర్ ఎత్తు పీట మీద నుంచి, ఒక చెయ్యి ఆనించి, నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. మోకాలు మూలిగిందేమో గాని ఆయన మూలగలేదు. నాలుగు వీధుల్లో ఏ శబ్దమూ వినిపించలేదు.

మైకు చెడిపోయిందనుకుని పల్టూ వైర్ల దగ్గరకి పరుగెత్తాడు.