ముప్ఫై ఖాళీ బాటిళ్లు

ఆదివారం పొద్దున వీరేశం పెట్టుకున్న పని చాలా చిన్నది. తల్లి సైదమ్మను కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి తీసుకెళ్లి, వచ్చేటప్పుడు అర కిలో మటన్ తెచ్చి, భార్య భూలక్ష్మి వండిపెడితే తిని పడుకోవాలి. వారమంతా ఎల్బీనగర్‌లో నీళ్ల మోటార్లు రిపేరు చేసే మనిషికి అంతకన్నా పెద్ద కోరికలుండవు. బండి స్టార్ట్ చేస్తుండగా, ఐదో తరగతి చదివే కూతురు అమల ఏడుపు మొహంతో గేటు దగ్గరికొచ్చింది.

"డాడీ, రేపటికి ముప్ఫై ఖాళీ ప్లాస్టిక్ బాటిళ్లు కావాలె."

"ముప్ఫయ్యా! ఎందుకే?"

"రేపు మా స్కూల్ల గ్రీన్ డే. బాటిళ్లతోని చెట్టు జేస్తరంట. తేనోళ్లను స్టేజీ ఎక్కనియ్యరంట."

అమల స్టేజీ ఎక్కాలి. 'ప్లాస్టిక్ మన శత్రువు' అని ఇంగ్లీషులో ఉపన్యాసం బట్టీ పట్టింది. ఇల్లంతా తిరుగుతూ ఎంత చదివిందంటే, పోపు వేస్తూ భూలక్ష్మి కూడా అదే గొణుగుతోంది. నాయనమ్మ ముందు వరసలో కూర్చుని చూడాలని ఒప్పందం. చిక్కల్లా ఏమిటంటే, ఆ శత్రువు వాళ్లింట్లో ఒక్కడూ లేడు.

సైదమ్మ రానివ్వలేదు. ఆమెది నల్గొండ పక్క పల్లె. అక్కడి బోరునీళ్లలోని ఫ్లోరైడు నడివయసులోనే ఆమె మోకాళ్లను వంచేసింది. పట్నం వచ్చాక నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లను ప్రసాదంలా పట్టి రాగి బిందెల్లో పోసుకుంటుంది. నీళ్లను కొనుక్కోవడమంటే ఆమె దృష్టిలో గాలిని కొనుక్కోవడమే. బజారుకు గుడ్డ సంచి, బడికి స్టీలు సీసా. అంతే.

వీరేశం టీచరు శ్రీకళకు ఫోన్ చేశాడు.

"మేడం, మా ఇంట్ల ప్లాస్టిక్ బాటిల్ ఒక్కటి గూడ లేదు."

"అలా అంటే ఎలాగండీ? పిల్లలకి పర్యావరణం మీద అవగాహన రావాలి కదా!"

"స్టీల్ సీస తెస్తె నడ్వదా?"

"దానికి మార్కుల్లేవండీ. ప్రాజెక్టులో ప్లాస్టిక్ అనే ఉంది."

ఇదీ మన చదువు. చెత్త పోగేసిన ఇంటికి పదికి పది, చెత్త లేని ఇంటికి సున్నా! వీరేశానికి అరికాలి మంట నెత్తికెక్కింది. పాత సామాన్ల కొట్టుకు పరుగెత్తితే, అదే స్కూలు తల్లిదండ్రులు శనివారమే కొట్టంతా ఊడ్చుకుపోయారని తెలిసింది. ఇక గతిలేక, కిరాణా కొట్లో నిండు నీళ్ల బాటిళ్ల పెట్టెలు కొని, బండి మీద కట్టుకుని ఇంటికొచ్చాడు. గుడీ లేదు, మటనూ లేదు.

మూతలు తీసి మోరీలో పోయబోతుంటే సైదమ్మ కేకేసింది.

"నీళ్లు పారవోస్తవార? కండ్లు నెత్తికెక్కినయా నీకు? బిందెలల్ల పొయ్యి!"

"బిందెలు నిండుగున్నయ్ గదనే."

"గా నీళ్లు చెట్లకు పొయ్యి. గివి తాగుదం. పైసలు వెట్టి తెచ్చినవ్ గదా!"

అలా రాగి బిందెల్లోని నల్లా నీళ్లు వాకిట్లో మల్లెచెట్టుకూ కరివేపాకు చెట్టుకూ పోయాయి. ఎదురింటి అరుణమ్మ గోడ మీదుగా అది చూసింది.

"ఏమైంది సైదమ్మత్తా? నల్లా నీళ్లు పారవోస్తున్నరు?"

సైదమ్మ అప్పటికే స్కూలు మీద మండిపోతోంది. "నన్నేమడుగకు బిడ్డా. నోరు తెరిస్తె మంచిగుండదు" అని లోపలికి పోయింది.

అరుణమ్మ హడలిపోయింది. ఆ కాలనీలో సగం మంది నల్గొండ పల్లెల నుంచి వచ్చినవాళ్లే. నీళ్ల మాటెత్తితే వాళ్లకు ఎముకలు గుర్తొస్తాయి. నల్లా నీళ్లను కళ్లకద్దుకునే సైదమ్మ వాటిని పారబోయడం, మోటార్ల పని తెలిసిన వీరేశం పెట్టెలకు పెట్టెలు నీళ్లు మోసుకురావడం! అరుణమ్మ ఫొటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. 'నల్లా నీళ్లు ఎవ్వలు తాగకుండ్రి. ఫ్లోరైడు ఒచ్చింది.'

మధ్యాహ్నానికి చుట్టుపక్కల కొట్లలో నీళ్ల బాటిల్ దొరకలేదు. సాయంత్రానికి యోగేందర్ దిగాడు. అతనిది యూట్యూబ్ చానలు. ఒక చేతిలో ఫోను, రెండో చేతిలో మైకు, మొహంలో ఆపలేని ఆనందం. అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్న సైదమ్మను చూడగానే ఆ ఆనందం రెట్టింపయింది.

"అమ్మా, మీ కాళ్లెందుకు గిట్లయినయ్?"

"నీళ్లకు గిట్లయినయ్ బిడ్డా. మా ఊరి బోరునీళ్లు. ఏండ్లకేండ్లు తాగినం."

చానల్లో మొదటి మూడు మాటలే మిగిలాయి. సైదమ్మ మోకాళ్ల చుట్టూ ఎర్ర సున్నాలు, వాటి మీదికి ఎర్ర బాణాలు, కింద 'నల్లా నీళ్లు తాగి నడవలేని వృద్ధురాలు!' అనే అక్షరాలు. అది ఫోనులో చూసిన వీరేశం పరుగున వెళ్లి, ఇంకా సందు మలుపులోనే ఉన్న యోగేందర్ కాలర్ పట్టుకున్నాడు.

"మా అమ్మ కాళ్ల మీద బాణాలు గుచ్చుతవార! ఊరి ముచ్చట ఎందుకు కోసినవ్?"

"అన్నా, జర ఇడువన్నా. ఊరి బోరంటే ఎవ్వలు జూస్తరు? గది పాత ముచ్చట."

పాత ముచ్చటట! ఆ కాళ్లు వంగుతున్నప్పుడు ఆ ఊరికి ఒక్క మైకూ రాలేదు. పక్కింటి పిల్లాడు నడక నేర్వకుండానే మంచాన పడ్డప్పుడూ రాలేదు. నిజంగా నీళ్లు విషమైనప్పుడు నోరెత్తనివాళ్లు, నీళ్లు శుభ్రంగా ఉన్నచోట గొంతు చించుకుంటున్నారు.

చీకటి పడకముందే నీళ్ల ఆఫీసు వాళ్లు వచ్చి, పరీక్షచేసి, నీళ్లు బంగారంలా ఉన్నాయని తేల్చి వెళ్లారు. ఆ సంగతి చెప్పడానికి యోగేందర్ రాలేదు. కాలనీ వాళ్లు మాత్రం వీరేశం గేటు ముందుకొచ్చారు.

"నీ వల్లనే కొన్నం. గివన్ని నువ్వే ఉంచుకో!" అంటూ అరుణమ్మ ఒక బస్తా ఖాళీ బాటిళ్లు కుమ్మరించింది. తక్కినవాళ్లూ ఊరుకోలేదు. నీళ్ల బాటిళ్లతోపాటు అటకల మీది కూల్‌డ్రింకు సీసాలూ, పగిలిన మగ్గులూ వచ్చాయి. ప్లాస్టిక్ ఎరగని ఇంటికి తలుపు తీయడానికి దారి లేకుండా పోయింది.

సోమవారం వీరేశం ట్రాలీ ఆటో మాట్లాడి, ఆ గుట్టంతా చైతన్యపురిలోని స్కూలుకు చేర్చాడు. శ్రీకళ టీచరు సంబరంగా బాటిళ్లు లెక్కపెట్టించింది. అమలకు మొదటి బహుమతి ప్రకటించారు. ఈ వింత చూపించడానికి నిన్నటి యోగేందరే మైకు పట్టుకుని వచ్చాడు. అతను తొందరగా వెళ్లాలి కాబట్టి అమల ఉపన్యాసం రద్దయింది.

"చెప్పు పాపా, ఇంత ప్లాస్టిక్ ఎట్ల జమచేసినవ్?"

అమల ముందు వరసలో ఉన్న నాయనమ్మ వైపు చూసింది.

"మా ఇంట్ల ప్లాస్టిక్ లేదు. మా నాయనమ్మ తేనియ్యది. మిస్ తెమ్మన్నదని డాడీ కొన్నడు."

శ్రీకళ చటుక్కున మైకు అందుకుంది.

"విన్నారు కదండీ! ఈ చిన్నారి వాళ్లింట్లో ప్లాస్టిక్ అనేదే లేకుండా చేసేసింది!"

చప్పట్లు మోగాయి. వీరేశం పిడికిలి బిగించి లేచాడు. సైదమ్మ అతని చొక్కా పట్టి గుంజింది.

"కూసో. లేస్తె నీకు గూడ బాణం గుచ్చుతడు."

ఇంటికి వస్తుంటే ఆటోలో అమల తల దించుకుని కూర్చుంది. కళ్లనిండా నీళ్లు. సైదమ్మ ఆమెను దగ్గరికి లాక్కుంది.

"నేర్సుకున్నది నాకు జెప్పు బిడ్డా. గందుకే గద నేనొచ్చింది."

ఎల్బీనగర్ ట్రాఫిక్ హారన్ల మధ్య అమల ఉపన్యాసమంతా చెప్పింది. ఇంగ్లీషు ముక్క అర్థం కాకపోయినా సైదమ్మ ప్రతి మాటకూ తలూపింది.

మొదటి బహుమతి ప్లాస్టిక్ నీళ్ల బాటిలు. దాన్ని భూలక్ష్మి కవరైనా విప్పకుండా అటక మీద పెట్టింది. వచ్చే ఏడు గ్రీన్ డేకి ఇంకో ఇరవై తొమ్మిది కొంటే చాలు.